మాబున్నీ కడిగిన సీసాలు

ధర్మవరం మాబున్నీ పెనుకొండలో ఒక్క పూటలో, ఉత్త చూపుతో, నాలుగు వందల గోలీసోడా సీసాలు పగలగొట్టింది. రాయి విసరలేదు, కట్టె ఎత్తలేదు. సీసాను ఎండకు ఎదురుగా పట్టుకొని లోపలికి ఒక్కసారి చూసేది, అంతే, సీసా సిగ్గుపడిపోయి రెండు ముక్కలై కింద పడేది. పెనుకొండ కొండమీది కోతులు ఆ చప్పుడుకు బెదిరి మూడు రోజులు బస్టాండు వైపే దిగలేదు. నమ్మకం లేనివాళ్ళు ధర్మవరం స్టేషన్ రోడ్డులో టీ అంగడి ఎర్రప్పను అడగొచ్చు. ఎర్రప్ప ఆ రోజు పెనుకొండలో లేడు. లేకపోయినా ఆయన చెప్పినంత బాగా అక్కడున్నవాళ్ళు కూడా చెప్పలేరు.

అది రెండువేల నాలుగు నాటి సంగతి. అంత పదునైన చూపు ఆమెకు ఎట్లా వచ్చిందో తెలియాలంటే ఇంకో పదేండ్లు వెనక్కి పోవాల. అప్పట్లో ఆమె చూపంతా సీసాల మెరుపు మీదే ఉండేది.

స్టేషన్ రోడ్డులో, ఎర్రప్ప అంగడికి ఎదురుగా, రేకుల కింద మహమ్మద్ అలీ సోడా మిషను ఉండేది. నాలుగు సీసాలు పట్టే ఇనుప పెట్టె, దాన్ని గిరగిరా తిప్పే పిడి, పక్కన గ్యాసు సిలిండరు, సిలిండరు నెత్తిన గడియారం మాదిరి ఒక మీటరు. అలీ మాబున్నీకి మొగుడు. మాట తక్కువ మనిషి. మీటరు ముల్లు ఎనభై దగ్గరికి వస్తే చాలు, కట్టేసేవాడు. ఎండాకాలమైతే డెబ్భైకే కట్టేసేవాడు. ఎండకు సీసాలో గ్యాసు ఉబ్బుతుందని ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు, చేతులకు తెలిసిపోయింది. మిషను తిప్పేటప్పుడు పెట్టె మీద తడి గోనెపట్టా కప్పేవాడు. ఎవరైనా దగ్గరికొస్తే తిప్పడం ఆపేసి, వాళ్ళు పొయ్యేదాకా నిలబడేవాడు. ఆయన సోడా తాగితే తేన్పు రావాలంటే మళ్ళీ రేపు రావాలని ఎర్రప్ప ఎగతాళి చేసేవాడు.

గ్యాసు పని మొగుడిది, కడిగే పని పెండ్లాముది. ధర్మవరం నీళ్ళ సంగతి ఈ జిల్లావాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. నెల రోజులు నీళ్ళు పోసిన బిందె లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా అవుతుంది. సీసాలూ అంతే. మిగతా సోడా అంగళ్ళలో సీసాలు పాలు తాగిన పిల్లోడి మూతి మాదిరి ఉంటే, మాబున్నీ సీసాలు మాత్రం నీలంగా, పచ్చగా, అప్పుడే పుట్టినట్టు మెరిసేవి. గుంతకల్లు ప్యాసింజరులో వచ్చిన ఆడోళ్ళు ఆ సీసాల్లో చూసుకొని బొట్టు దిద్దుకున్నారంటే అది అబద్ధం కాదు. ఒక పెండ్లికొడుకు బస్సు దిగి, ఆమె సీసాలో మొహం చూసుకొని, నాకీ పెండ్లి వద్దని వెనక్కి పోయినాడు కూడా.

ఆ మెరుపు రహస్యం చిత్రావతి ఇసుక. ఏట్లోంచి తెచ్చి, పాతచీర గుడ్డలో జల్లెడ పట్టి, పిండి మాదిరి మెత్తటిది డబ్బాలో పెట్టుకునేది. పొద్దున్నే సీసాలో గుప్పెడు ఇసుక, ఇంత చింతపండు రసం పోసి, మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, రెండు చేతులతో గిలక్కాయ ఆడించినట్టు ఆడించేది. రోజుకు నూరు సీసాలు. లోపలి తెలుపంతా వదిలి, నీళ్ళు కుమ్మరిస్తే సీసా తళతళలాడేది.

"మే, ఇంత తోముడు ఎందుకు? తాగేటోళ్ళు సోడా తాగుతారు, సీసాను నాకరు గదా" అనేవాడు అలీ.

"మెరుపు చూసే వస్తాండారు నీ సోడాకు. నీ గ్యాసు ఎవురికి కనపడతాది?" అనేది ఆమె.

ఎదుటి నుంచి ఎర్రప్ప వంత పాడేవాడు. "నిజమే అలన్నా. మాబున్నక్క సీసా ముందు పెట్టుకొని పొద్దున గడ్డం గీసుకున్యా. అద్దంలో కంటే అందంగా కనపడినా."

తొంభై నాలుగు మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ ముచ్చట్లన్నీ ఆగిపోయినాయి.

ముందురోజు సాయంత్రం నింపిన సీసాలు బండమీద వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాళ్ళ కూతురు షహీన్‌కు ఎనిమిదేండ్లు. బండ పక్కన నేలమీద కూర్చొని సుద్దముక్కతో గళ్ళు గీసుకుంటోంది. మాబున్నీ లోపల చింతపండు నానబెడుతోంది. అలీ మిషను దగ్గర కూడా లేడు, గుమ్మంలో నిలబడి వానల గురించి ఎర్రప్పతో మాట్లాడుతున్నాడు. సీసాలను ఎవరూ ముట్టుకోలేదు. గాలి కూడా లేదు. వరసలో మూడో సీసా ఉన్నట్టుండి పేలింది. పిల్ల అరవలేదు. ఎడమ కన్ను మీద చెయ్యి పెట్టుకొని, "నాయనా, ఏదో పడింది" అనింది. వేళ్ళ సందులోంచి రక్తం మోచేతి దాకా కారింది.

అనంతపురం తీసుకపోయినారు. కన్ను నిలవలేదు. ఆసుపత్రి వరండాలో ధర్మవరం నుంచి వెంట వచ్చినవాళ్ళు పదిమంది నిలబడి ఉన్నారు. డాక్టరు లోపలికి పోయినాక మాబున్నీ నోటికొచ్చిన మొదటి మాట ఇది:

"గ్యాసు ఎక్కువ పెట్టినాడు. వద్దంటే ఇనలేదు. బిడ్డ కన్ను తీసినాడు."

ఆమె ఎప్పుడూ వద్దనలేదు. ఆయన ఎప్పుడూ ఎక్కువ పెట్టలేదు. కానీ ఆ క్షణంలో ఆ కన్నుకు కారణం ఒకటి కావాల్సొచ్చింది. ఎదురుగా ఆయన నిలబడి ఉన్నాడు, చొక్కా నిండా పిల్ల రక్తంతో.

"ముల్లు..." అన్నాడు అలీ. ఆమె మొహం చూసి ఆగిపోయినాడు. ఆ మాట ఆయన ఆమెతో ఆ తర్వాత చాలా ఏండ్లు పూర్తి చెయ్యలేదు.

వాళ్ళు తిరిగొచ్చేలోపే ఆ మాట రైలెక్కి ధర్మవరం చేరింది. మహమ్మద్ అలీ పేరు పోయి గ్యాసలీ అయింది. సైకిల్ షాపు ముందర నడిచిపోతాంటే, "రేయ్, గ్యాసలన్న చేతికి పంపు ఇయ్యొద్దండ్రా, ట్యూబు ఎగిరిపోయి తాడిపత్రిలో పడతాది" అనేవాళ్ళు. నవ్వనివాళ్ళు ఊర్లో తక్కువ. నవ్వడానికి మంచి మాటే కదా అది. ఆయన కూడా ఒకసారి నవ్వినాడంటారు, అది మాత్రం ఎవరూ నమ్మొద్దు.

మిషనూ సీసాలూ పెనుకొండలో సోడా అమ్మే యల్లప్పకు పోయినాయి. అలీ ఒక పట్టునూలు గోడౌనుకు పగటి కాపలా కుదిరినాడు. మాబున్నీ నూలు కండెలకు చుట్టే పనికి పోయింది. ఇంట్లో మూడు కొత్త అలవాట్లు వచ్చినాయి. అలీ కుక్కరు రానియ్యలేదు. అన్నం ఉడుకుతాంటే పొయ్యి దగ్గరికొచ్చి మూత తీసి పక్కన పెట్టేవాడు, ఆవిరి అంతా పోనీ అని. రాత్రి కిటికీ మూస్తే లేచి తెరిచేవాడు. మాబున్నీ మూత పెట్టేది, ఆయన తీసేవాడు, మళ్ళీ పెట్టేది.

మొదట్లో ఎవరైనా, "ఆ పొద్దు ఎంత పెట్టినావప్పా?" అని అడిగితే, "డెబ్భై" అనేవాడు. ఊరంతా తలకాయ ఆడించి నవ్వేది. రెండేండ్లకు, "ఎనభై తొంభై మధ్యలో ఉంటాది" అన్నాడు. ఇంకొన్నేండ్లకు, "నూరు దాటింటాదిలే" అన్నాడు. మాబున్నీ ఆ అంకెలన్నీ వినింది. ఒక్కసారి కూడా, లేదు, డెబ్భై అనే చెప్పినావు గదా, అనలేదు. డెబ్భై అయితే మరి కన్ను ఎట్లా పోయింది, అని ఆమె మనసులో ఒక ప్రశ్న ఉండేది. దాన్ని కదిపితే ఏం బయటికొస్తుందోనని ఆమె దాన్ని కదపలేదు.

షహీన్ ఒక కన్నుతోనే చదివింది, రెండు కండ్లవాళ్ళ కంటే బాగా చదివింది. పద్దెనిమిదేండ్లకు హిందూపురం డిగ్రీ కాలేజీలో సైన్సు గ్రూపులో చేరి, అక్కడే హాస్టల్లో ఉండేది. తన కన్ను తీసిన వస్తువు అసలు ఏమిటో తెలుసుకోవాలని ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఉండింది. కాలేజీలో కిరణ్ సారని ఒకాయన, సిలబస్‌లో లేకపోయినా, ఆ పిల్ల అడిగితే చెప్పినాడు. ఆ దసరా సెలవుల ముందర ఒక ఆదివారం ప్యాసింజరు దిగి, చున్నీలో చుట్టిన ఐదారు గాజుపలకలతో ఇంటికొచ్చింది. ల్యాబులో అంచులు పోయి పారేసినవి.

"మా, గాజంటే ఏమనుకుంటాండావు?"

"పగిలేది."

"అది కాదుమా. ఉప్పుకల్లు ఉండాదే, దాంట్లో అణువులు మగ్గం మీద పడుగు మాదిరి వరసగా ఉంటాయి. ఒకటి పక్కన ఒకటి, యాడుండాల్సింది ఆడ. గాజు అట్ల కాదు. నువ్వు పని చేసేకాడ చిక్కుపడిన పట్టు మూలకు పారేస్తారు చూడు, అట్లుంటాది లోపల. కరిగిన గాజు నీళ్ళ మాదిరి పారతా ఉంటాది. చల్లారేటప్పుడు అణువులు వరసలోకి పోయేదానికి టైము చాలదు. యాడున్నేవి ఆడే బిగుసుకపోతాయి."

"అయితే అది గట్టిపడిన నీళ్ళంటావా?"

"నీళ్ళూ కాదు, ఉప్పుకల్లూ కాదు. కుదురుకునే లోపలే నిలిచిపోయింది. నిదానంగా చల్లారిస్తే కొంచెం కుదురుకుంటాది. బిరబిరా చల్లారిస్తే పైన బిగుసుకొని, లోపల ఇంకా లాగతా ఉంటాది. ఆ లాగుడు దాంట్లోనే ఉండిపోతాది, మనకు కనపడదు."

మాబున్నీకి ఇందులో సగమే అర్థమైంది, కానీ పట్టు చిక్కు సంగతి బాగా అర్థమైంది. నవ్వింది. "ఇంత చదువు గాజు మీదనే చదువుతాండావా, తల్లీ? బువ్వ పెట్టే చదువు లేదా?"

షహీన్ రెండు ఇటుకలు పెట్టి, వాటి మీద వారధి మాదిరి ఒక గాజుపలక పెట్టింది. పలక నడుముకు దారంతో చెంబు వేలాడదీసి, చెంబులో గులకరాళ్ళు వెయ్యడం మొదలుపెట్టింది. చెంబు నిండేదాకా పలక నిలబడింది. అది తీసి రెండో పలక చేతిలోకి తీసుకుంది. వాకిట్లోంచి చిటికెడు ఇసుక తెచ్చి, పలక మీద వేసి, బొటనవేలితో నాలుగుసార్లు రుద్దింది.

మాబున్నీ నవ్వు ఆగిపోయింది.

"చూడు, ఏమన్నా కనపడతాందా?"

"లేదు."

"కనపడదు. ఇప్పుడు ఈ పక్క కిందికి పెడతా." చెంబు సగానికి కాకముందే పలక టక్కుమని విరిగింది. "ఇనుమైతే అట్లా కొంచెం వంగి సర్దుకుంటాది. గాజుకు వంగడం రాదు. మోసే బలమంతా వచ్చి ఆ గీత కొనమీదనే నిలబడతాది. ఆడనుంచి చీలుకుంటా పోతాది."

మూడో పలకకు కూడా ఇసుక రుద్దింది. ఈసారి ఆ రుద్దిన చోట తడిగుడ్డతో అద్ది, చెంబులో ఇంకా తక్కువ రాళ్ళు వేసి వదిలేసింది. పలక నిలబడింది. "దాన్ని ఉండనీ. అన్నం పెట్టుమా" అంది.

తల్లీ కూతుర్లు తింటున్నారు. షహీన్ రెండో ముద్ద చారులో కలుపుకుంటోంది. వాకిట్లో టక్కుమని చప్పుడైంది, చెంబు కిందపడి రాళ్ళు దొర్లినాయి. ఎవరూ ముట్టుకోలేదు.

"చూసినావా" అంది షహీన్. "నీళ్ళు ఆ గీత కొనలోకి దూరి, లోపలి ముళ్ళను ఒక్కొక్కటే విప్పుతాయి. గంటకు విప్పొచ్చు, యాడాదికి విప్పొచ్చు. సీసా అయితే నిన్న మోసిన గ్యాసే ఈ రోజు మొయ్యలేదు. నాయన డెబ్భై పెట్టినా పేలతాది మా. పదేండ్లు ఊరంతా ఆయప్పను అన్నారు గదా, ఆయప్ప తప్పు ఇంత కూడా లేదు. సీసా లోపల గీతలు పడినాయి. ఫ్యాక్టరీలోనే పడినాయో, గోలీ రాపిడికి పడినాయో."

ఎనిమిదేండ్ల పిల్లకు తల్లి సీసాలు కడగడం గుర్తుంది గానీ, దేంతో కడిగేదో గుర్తులేదు. ఆ పిల్ల నిద్రలేచేసరికి సీసాలు ఎప్పుడూ మెరుస్తానే ఉండేవి.

మాబున్నీ చెయ్యి కడుక్కుంది. అప్పటికే కడుక్కున్న చెయ్యి మళ్ళీ కడుక్కుంది.

"నాయన రానీ, చూపిస్తా" అంది షహీన్.

"నువ్వు చెప్పొద్దు. నేను చెప్తా."

"ఎప్పుడు?"

"చెప్తాలే. నువ్వు రైలుకు పో."

వెంటనే చెప్పలేదు. వారం పోయింది, నెల పోయింది. షహీన్ హాస్టల్ పక్క ఎస్టీడీ బూతు నుంచి ఎర్రప్ప అంగడికి ఫోను చేసి, "చెప్పినావా మా?" అని అడిగేది. "ఆయప్పకు దగ్గు ఉండాది, తగ్గనీ" అనేది మాబున్నీ. దగ్గు నిజమే. తగ్గలేదు కూడా. చెప్తే మొగుడి మెడమీది బరువు దిగుతుంది, దిగి తన మెడమీదికి ఎక్కుతుంది. పదేండ్లు ఆయన ఎట్లా మోసినాడో దగ్గరుండి చూసిన మనిషి ఆమె. అందుకే నోరు రాలేదు.

కండెలు చుడతా చుడతా ఆమె ఒక దారి వెతుక్కుంది. సోడా సీసాలో గోలీ మెడలోనే తిరుగుతుంది, ఆ నొక్కుల వల్ల కడుపులోకి దిగదు. గోలీ గీసిన గీతలైతే మెడలోనే ఉండాల. ఇసుక గీసినవైతే కడుపంతా ఉండాల. ఆ సీసాలు ఇంకా పెనుకొండలో ఉండాయి కదా. పోయి చూస్తే తెలిసిపోతుంది. ఒకవేళ మెడలోనే ఉంటే. ఆ 'ఒకవేళ'ను కొంగున ముడేసుకున్నట్టు పట్టుకొని పొద్దున ప్యాసింజరెక్కింది.

యల్లప్ప అంగడి పెనుకొండ బస్టాండు వెనక. ఇప్పుడు ప్లాస్టిక్ బాటిళ్ళ కూల్‌డ్రింకులు అమ్ముతున్నాడు. గోలీసీసాలు వెనక రేకుల కొట్టంలో గోనె సంచుల్లో పడున్నాయి.

"ఏమ్మా మాబున్నక్కా, ఎన్నేండ్లకు. గ్యాసలన్న బాగుండాడా?" అన్నాడు యల్లప్ప.

"బాగుండాడు. మా సీసాలు ఉండాయా అన్నా?"

"యాడికి పోతాయి. ఎండాకాలం జాతర్లకు దించుతా. గోలీ టక్కుమంటేనే పిల్లోళ్ళకు సంతోషం. ఈ తూరి ఉగాదికి మళ్ళీ దించాల."

"పేలినాయా ఏమన్నా?"

"పేలకుండా ఉంటాయా. రెండు మూడు." ఎడమ చెయ్యి చాపి చూపించినాడు. చూపుడు వేలు సగం దాకా కొయ్యబారి, వంగకుండా ఉంది. "నా అదృష్టం, చేతితో పోయింది."

మాబున్నీ సంచిలోంచి ఒక సీసా తీసి, కొట్టం బయటికొచ్చి ఎండకు పట్టింది. మొదట ఏమీ కనపడలేదు. కొంచెం పక్కకు తిప్పింది. మెడ బాగానే ఉంది. కడుపు నిండా, పైనుంచి కింద దాకా, దోమతెర గుడ్డ మాదిరి సన్న గీతలు. గీత మీద గీత. రోజుకు ఒకసారి, ఏడేండ్లు. రెండోది తీసింది. మూడోది తీసింది. ఇరవై దాకా చూసింది. అన్నిట్లోనూ అదే.

కొట్టం మూల పచ్చడి నూరే గుండ్రాయి ఉంది. సీసాను గోనెలో పెట్టి, పైన గోనె కప్పి, గుండుతో కొట్టింది. ఇంకోటి ఎండకు పట్టి చూసి, అదీ పెట్టింది.

"ఏమ్మా, పిచ్చి పట్టిందా?" యల్లప్ప పరిగెత్తుకొచ్చినాడు.

"ఇవి ఇంగ దించొద్దన్నా. మళ్ళీ ఎవురి బిడ్డకో తగుల్తాయి. అలీ గ్యాసు ఎక్కువ పెట్టలేదు. ఇసుకతో కడిగి కడిగి నేను గీసినా వీటిని. నా బిడ్డ కన్ను తీసింది నేను."

మొట్టమొదట ఆ మాట చెప్పింది యల్లప్పకు. మొగుడికి కాదు, కూతురికీ కాదు. యల్లప్ప ఒక సీసా తీసుకొని తనూ ఎండకు పట్టి చూసినాడు.

"మేమూ ఇసుకతోనే కడుగుతాండాం గదక్కా" అన్నాడు. "ధర్మవరమొచ్చి, నువ్వు కడిగేది చూసి నేర్చుకుంటిమి."

ఆయనే మిగతా సంచులు మోసుకొచ్చి ఆమె పక్కన పెట్టినాడు. పొద్దు వాలేదాకా కొట్టింది. అరచేతుల్లో చర్మం లేచిపోయింది. బస్టాండులో జనం గోడ ఎక్కి చూసినారు. గోడ మీద నుంచి చూస్తే ఆమె సీసా ఎత్తి ఎండకు పట్టడం కనపడేది, గోనె కప్పి కొట్టడం గోడ చాటు. చూస్తుంది, పగులుతుంది. కథ ఆడ పుట్టింది. రైల్లో ఆమె కంటే ముందే ధర్మవరం చేరింది, ఈ జిల్లాలో మాటలకు టికెట్టు అవసరం లేదు కదా.

మరుసటి రోజు అన్నం క్యారియరు తీసుకొని గోడౌను దగ్గరికి పోయింది. అలీ గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని దగ్గుతున్నాడు. ఆమె చేతులకు కట్టిన గుడ్డలు చూసి, "ఏమాయ?" అన్నాడు.

చెప్పింది. ఒక్క ముక్క మిగలకుండా చెప్పింది. గాజుపలక తెచ్చుకుంది, ఇసుక రుద్దింది, రెండు ఇటుకల మీద పెట్టి గులకరాళ్ళు వేసి విరగగొట్టి చూపించింది. పట్టు చిక్కు సంగతి కూడా కూతురు చెప్పినట్టే చెప్పబోయి, మధ్యలో తప్పిపోయి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఆయన ఓపికగా చూసినాడు, ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని.

"బాగుండాది" అన్నాడు.

"అర్థమాయనా, షహీన్ నాయనా? నీది తప్పు కాదు. నాది."

"నన్ను కాపాడాలని చెప్తాండావు. నేను పోయేలోపల మంచి మాట చెప్పి పంపాలని."

"కాదు. సీసాలన్నీ చూసినా. కడుపు నిండా గీతలే."

"ఉంటాయి. వాడిన సీసాలకు గీతలుండవా?" దగ్గు తెర వచ్చి ఆగింది. "ముల్లు నేను చూసినా మే. నూటయాభై మీద ఉండె. ఎర్రగీత దాటింది."

"ఆ మీటరులో నూటయాభై యాడుండాది? నూటఇరవైతో అయిపోతాది గదా ఆ మీటరు."

"దాటింది" అన్నాడు అలీ. "కండ్లార చూసినా."

"డెబ్భై పెట్టినావు నువ్వు. డెబ్భై అని నువ్వే చెప్తాంటివి. నేను ఆ పొద్దు ఆసుపత్రిలో అబద్ధం చెప్పినా."

ఆయన ఆమె వైపు చూసినాడు. కోపం లేదు, దెప్పడం లేదు. చిన్నపిల్లకు లెక్క చెప్తున్నట్టు చెప్పినాడు.

"కన్ను పోయిన బిడ్డను పక్కన పెట్టుకొని ఏ తల్లన్నా అబద్ధం చెప్తాదా?"

క్యారియరు మూత తీసి పక్కన పెట్టినాడు, ఆవిరి పోయేదాకా ఆగి, తిన్నాడు.

షహీన్ వచ్చిన ఆదివారం మాబున్నీ ఆ పిల్లకూ చెప్పింది. షహీన్ నూలు కండె ఒకటి చేతిలో తిప్పుతా వినింది.

"నేను ఇసుక రుద్దిన పొద్దే నీకు తెలిసిందా?"

"ఆ."

"రెండు నెలలు ఊరికే ఉన్న్యావు."

"ఆ."

ఆ సాయంత్రం ప్యాసింజరుకే హిందూపురం పోయింది. ఐదు ఆదివారాలు రాలేదు. ఆరో ఆదివారం వచ్చింది, అన్నం తినింది, తండ్రి పక్కన కూర్చొని మీటరు నూటఇరవైతో అయిపోతుందని కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. అలీ బొమ్మ బాగుందన్నాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎక్కువ పెట్టినందుకు నన్ను తిట్టుకోవద్దు తల్లీ, అన్నాడు.

మాబున్నీ ఊరికి కూడా చెప్పింది. సైకిల్ షాపుకు పోయి చెప్పింది, మసీదు ముందర నిలబడి చెప్పింది, గోడౌనులో ఆడోళ్ళకు చెప్పింది. అందరూ విన్నారు. కానీ గీతలు, నీళ్ళు, విప్పుకునే ముళ్ళు, ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? చూపుతో సీసా పగలడం గుర్తుంటుంది. గ్యాసలీ అనే పేరు ఎట్లా వచ్చిందో తెలియని పిల్లోళ్ళు కూడా అప్పటికి ఆయనను గ్యాసలీ అనే పిలుస్తున్నారు. ఆయన కూడా పలుకుతున్నాడు.

రెండువేల ఏడు మార్చిలో అలీ పోయినాడు. చివరి నాలుగు రోజులూ కిటికీ తెరిచి ఉందా అని అడుగుతానే ఉన్నాడు. తెరిచే ఉండాది అని మాబున్నీ చెప్పింది, చెయ్యి పట్టుకొని కిటికీ చువ్వల బయటికి చాపి చూపించింది. చాలదన్నాడు.

నలభయ్యో రోజు అయినాక ఒక పొద్దున, కండెల పనికి పోతా పోతా, ఆమె ఎర్రప్ప అంగడి దగ్గర టీకి నిలబడింది. ముదిగుబ్బ బస్సుకు ఎదురుచూస్తున్న ఇద్దరు గొర్రెల వ్యాపారులకు ఎర్రప్ప కథ చెప్తున్నాడు. ఆమెను చూసి గొంతు ఇంకొంచెం పెంచినాడు. "ఈయమ్మేనప్పా. పెనుకొండలో నాలుగు వందల సీసాలు, ఉత్త చూపుతో. అట్లా పగలగొట్టి మొగుడి మీద మచ్చ తుడిచింది. పాపం ఆయప్ప ఏ బరువూ లేకుండా, తేలిగ్గా పోయినాడు."

మాబున్నీ టీ గ్లాసు బల్లమీద పెట్టింది.

"చూపుతో కాదు ఎర్రప్పా, గుండుతో కొట్టినా. నాలుగు వందలు కాదు, మున్నూట పన్నెండు. మచ్చ తుడిచింది లేదు. గ్యాసు తానే ఎక్కువ పెట్టినానని అనుకుంటానే పోయినాడు."